పాయింట్ల గరగర

పొద్దున్నే లాండ్రీ వెనక గేటు దగ్గర వ్యాను ఆపి, ఉతికిన దుప్పట్ల మూటలు ఎక్కించుకుని, కొండ అవతల ఉన్న పెద్దాసుపత్రికి చేర్చడం ఆమె పని. భర్త పోయాక ఆ పని ఆమె చేతికొచ్చింది. వ్యాను ఆయనదే. డ్రైవరు సీట్లో పడిన గుంటా ఆయనదే. రేడియో కూడా ఆయనదే, అందులో మాట్లాడేదీ ఆయనే.

ఆ రేడియోలో స్టేషన్లేవీ రావు. ఇంజన్ తిరుగుతుంటే గరగర మాత్రం వస్తుంది, ఆ గరగరలోంచి ఆయన గొంతు. "మూడో గేరులో ఏడిపించకు దాన్ని, రెండులోకి దిగు" అనేవాడు. వెనక టైరులో గాలి తగ్గిందనేవాడు. లాండ్రీలో ఇస్త్రీ చేసేవాళ్లు కిటికీలో తలపెట్టి "అన్నా, ఇవాళ వాన పడుతుందా?" అని అడిగేవాళ్లు. ఆయన చెప్పేవాడు, సగం సార్లు తప్పేది. బతికున్నప్పుడూ అంతే. పోయినంత మాత్రాన తెలివి పెరుగుతుందా?

కూతురూ మనవరాలూ ఆమెతోనే ఉంటారు. మనవరాలిని పిచ్చుక అంటారు, మనిషి అంతే ఉంటుంది కాబట్టి. చలిగాలి తగిలితే పిల్ల ఛాతీ పట్టేస్తుంది. పీల్చే మందుతో తగ్గకపోతే కొండ దాటాల్సిందే, మరో దిక్కు లేదు. పోయినసారి అలా బయల్దేరితే, సగం ఎక్కాక వానలో వ్యాను దగ్గి, మూలిగి, ఆగిపోయింది. పిల్ల పెదాలు నీలంగా మారాయి. వెనక ఏదో లారీ వచ్చింది కాబట్టి గండం గడిచింది. "ఇంకాస్త ఆలస్యమైతే నా చేతుల్లో ఏమీ ఉండేది కాదమ్మా" అన్నాడు డాక్టరు. అప్పట్నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు. ఆకాశంలో మబ్బు కనిపిస్తే చాలు, వెళ్లి పిల్ల ఊపిరి చూసేది.

మెకానిక్‌ను అందరూ నత్త అంటారు. తొందర అనేది ఆయన ఒంట్లో లేదు. ఆమె భర్తకు పాత నేస్తం. ఇంజనుకు నిప్పు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత విప్పి చాలాసేపు చూశాడు.

"పాయింట్లు మాడిపోయాయి వదినా. ఈ రెండు బిళ్లలూ విడిపోయినప్పుడల్లా ఇంజనుకు నిప్పు అందాలి. వీటి మొహాలు చూడు, ఎలా గుంటలు పడ్డాయో."

"కొత్తవి వెయ్యి."

"ఇవి కొత్తవే, మొన్న వేసినవే. ఇప్పుడొచ్చే సరుకు నిలవడం లేదు. చెమ్మ తగిలితే మరీ."

"మరెలా?"

"మొత్తం పీకి కొత్త రకం పెట్టొచ్చు, కంప్యూటరుతో నడిచేది. కానీ వారాల తరబడి బండి నా షెడ్డులో ఉండాలి."

"ఆ వారాల్లో పిల్లకి ఏమైనా అయితే?"

"అందుకే వద్దంటున్నా. ఇంకొకటుంది. పాయింట్లు తీసేసి ఇదే మూత కింద చిన్న ఎలక్ట్రానిక్ ముక్క బిగించడం. ఒరుసుకునేది ఏమీ ఉండదు, అరగదు. వానైనా వరదైనా నిప్పు ఒకేలా పడుతుంది." నత్త శుభ్రంగా ఉన్న పానాను మళ్లీ తుడిచాడు. "ఒక్కటే జాగ్రత్త. ఇంజన్ ఆపి తాళం ఆన్‌లో వదిలేయకు, ఆ ముక్క లోపల్లోపల మాడుతుంది. పాయింట్లయితే మూలిగి మూలిగి పోతాయి. ఇది చెప్పాపెట్టకుండా పోతుంది."

"మీ అన్నలాగా" అందామె. ఆయన పోయింది ఆ డ్రైవరు సీట్లోనే, మాట పూర్తి చేయకుండా. తర్వాత మెల్లగా అడిగింది. "రేడియో?"

నత్త తలెత్తలేదు. "ఆ గరగర పాయింట్ల దగ్గర ఎగిరే నిప్పుదే వదినా. అవి లేకపోతే అదీ ఉండదు."

ఆమె వెళ్లి వ్యానులో కూర్చుని ఇంజన్ తిప్పింది.

"విన్నారుగా. ఏం చేయమంటారు?"

"పాయింట్లు ఆకురాయితో రుద్దితే సరిపోతుంది" అన్నాడాయన. "నా బండిలో కంప్యూటర్లూ గింప్యూటర్లూ వద్దు."

"పిల్ల పెదాలు మీరు చూళ్లేదు! నీలంగా అయిపోయాయండీ! మీ మొండితనం దాని ప్రాణం మీదికి తెస్తుందా?"

దాంతో ఆయన "మార్పించు" అన్నాడు. ఆమె స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చింది.

నత్త ఆ ముక్క బిగించి, పాత వాటిలో బాగున్న పాయింట్లను ఏరి, ఒక స్క్రూడ్రైవరుతో కలిపి డబ్బాలో పెట్టి ముందు అరలో పడేశాడు. వ్యాను తాళం తిప్పీ తిప్పగానే లేచింది. కొండ ఎక్కుతుంటే ఒక్క దగ్గు లేదు. ఒక్క మాటా లేదు. ఏ గేరులో వెళ్లినా తిట్టేవాళ్లు లేరు. ఇస్త్రీవాళ్లు కిటికీ దాకా వచ్చి, ఏమీ అడక్కుండా మూటలు పెట్టి వెళ్లిపోయేవాళ్లు.

ఆమె తట్టుకోలేకపోయింది. ఇంజన్ చప్పుడులో ఆయన గొంతు వినబడటం లేదేమో అనిపించింది. ఆసుపత్రి వెనక దుప్పట్లు దించాక ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, రేడియోకు చెవి ఆనించి కూర్చునేది. నత్త మాట గుర్తుంది. కాసేపేగా అనుకునేది. ఆ కాసేపు రోజురోజుకీ పెరిగింది.

ఒక మధ్యాహ్నం వాన మొదలైంది. పిచ్చుకకు మందు పనిచేయలేదు. కూతురు పిల్లను ఒళ్లో వేసుకుని మూటల మధ్య కూర్చుంది. కొండ సగం ఎక్కారో లేదో, దగ్గూ మూలుగూ ఏమీ లేకుండా ఇంజన్ ఆగిపోయింది. తాళం తిప్పినా లాభం లేదు. ముందూ వెనకా ఒక్క బండి లేదు.

"అమ్మా, ఏమైందే? కొత్తది వేయించావుగా!"

"నేనే కాల్చేశానే" అందామె. "మీ నాన్న గొంతు కోసం కూర్చుని కూర్చుని నేనే కాల్చేశాను." పిల్ల ఊపిరి ఈలలా వినిపిస్తోంది. ఆ ఈల కూడా సన్నబడుతోంది.

ఆమె డబ్బా తీసుకుని వానలోకి దూకింది. కూతురు పిల్లను భుజాన వేసుకుని, ఒక ఉతికిన దుప్పటి లాగి, ఇంజను మీద గొడుగులా పట్టుకుంది. దాని కింద ఆమె మాడిన ముక్క పీకి పాయింట్లు బిగించింది. వాటి మధ్య ఎంత సందుండాలో ఆయన ఎప్పుడూ దుప్పటి మూటకు కట్టే అట్టముక్కతో చూసేవాడు. ఆమె ఒక అట్ట తెంపి, మడిచి, మధ్యలో పెట్టి బిగించింది. పరుగున వచ్చి తాళం తిప్పింది. స్టార్టరు తిరుగుతోంది, ఇంజను అందుకోవడం లేదు.

స్టార్టరు తిరిగినంతసేపూ రేడియో గరగరలాడింది. "మడత..." అందులోంచి ఆయన. "మడత విప్పు... ఒక్క పొర..."

ఆమె మళ్లీ దూకింది. మడత విప్పి సందు సరిచేసింది. ఈసారి ఇంజన్ ఒళ్లు విరుచుకుని లేచింది.

"బండి పోనీ" అన్నాడాయన. "వంపులు నేను చెబుతా, నువ్వు తొక్కు. పిచ్చుకా, వింటున్నావా? నా గరగరతో పాటు పీల్చు. ఆగినప్పుడు వదులు. తొందర లేదు తల్లీ, మెల్లగా."

పిల్ల పీల్చింది, వదిలింది. గరగర వచ్చినప్పుడల్లా పీల్చింది. కూతురు ఆ చిన్న ఛాతీ మీద చెయ్యి వేసి, వానలో కొండ దిగేదాకా తియ్యలేదు.

పిల్ల మూతికి గొట్టం తగిలించాక డాక్టరు "సమయానికి తెచ్చారు" అన్నాడు. ఆమె నత్తకు ఫోన్ చేసింది. ఇంకో ముక్క పట్టుకుని ఉన్నపళంగా బస్సెక్కుతున్నానన్నాడు నత్త, జీవితంలో మొదటిసారి తొందరపడుతూ. అప్పుడు ఆమె కిందికి వచ్చింది. వ్యాను వాకిట్లో ఇంకా తిరుగుతూనే ఉంది. ఆపడానికి ఆమెకు చెయ్యి రాలేదు.

"పిల్ల?" అన్నాడాయన.

"ఊపిరి తీసుకుంటోంది."

"మరి ఇంజన్ ఎందుకు? పెట్రోలు దండగ."

"నత్త వస్తున్నాడు. మళ్లీ అదే వేస్తాడు."

"వెయ్యనీ. ఈ పాయింట్లు డబ్బాలో ఉంచు. అవసరమైతే పిలువు. ఊసుపోక పిలవకు."

"ఊసుపోకనా? మీరు లేకపోతే నాకు..."

"తెలుసే" అన్నాడాయన. "పైన అది కళ్లు తెరిస్తే నువ్వు కనబడాలి. తాళం తీసి దిగు."

ఆమె తాళం తిప్పింది. గరగర ఆగింది. తాళంచెవి గుప్పిట్లో బిగించుకుని, పిల్ల దగ్గరికి మెట్లెక్కింది.