మూడో జత

తడిగుడ్డతో ఎడమవైపు హెడ్‌లైట్ అద్దాన్ని రుద్ది, రెండడుగులు వెనక్కి జరిగి చూశాడు బైరప్ప. నచ్చలేదు. మళ్ళీ ముందుకొచ్చి రుద్దాడు. అద్దంలో లోపమేమీ లేదు. అయినా ఈ నెల రోజులుగా పొద్దున్నే హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని ఆ సెల్లార్‌లో అరగంట సేపు ఆ రెండు దీపాల దగ్గరే గడిచిపోతోంది.

పొట్టి మనిషి. అరవై ఒకటి దాటినా తెల్లచొక్కా తనే ఇస్త్రీ చేసుకుంటాడు. కుడిచెయ్యి ఎడమచేతికన్నా బాగా నలుపు. నలభై మూడేళ్ళుగా ఆ చెయ్యి కిటికీ పక్కనే ఉండి ఎండకి మాడింది. మొదట లారీలు, తర్వాత ఆఫీసు క్యాబులు, ఆ తర్వాత పదకొండేళ్ళుగా కిరణ్మయి మేడమ్ కారు. ఇన్నేళ్ళలో ఏ బండికీ ఒక్క గీత పడనివ్వలేదని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాడు.

అలాంటివాడికి ఈ హెడ్‌లైట్లు చికాకు తెప్పిస్తున్నాయి. పాతవి మసకబారాయని నెల కిందట మార్చాడు. లాభం లేదు. తెల్లటి వెలుగు అని డబ్బా మీద గొప్పగా రాసున్న జత వేసి చూశాడు. వానలో అది ఇంకా అధ్వాన్నం. రోడ్డు మీద పాలు ఒలకబోసినట్టుంది తప్ప గుంట ఏదో, మిట్ట ఏదో తెలియలేదు.

"బైరప్పగారూ, నేను పంపిన వీడియో చూశారా?" లిఫ్టులోంచి వస్తూనే అడిగింది కిరణ్మయి. ఆమె ఫిజియోథెరపిస్టు, ఎప్పుడూ పరుగే. "ఆ ఎల్ఈడీ సూపర్ బ్రైట్ అంట. ఆర్డర్ పెట్టేయనా?"

"వద్దు మేడమ్. బల్బు చేతిలో పట్టుకోని, కండ్లతో చూసి కొనాల. ఫోన్లో చూసి కొంటే ఎట్లా?"

వారం రోజుల్లో అది నాలుగో వీడియో. చూసినట్టే తల ఊపి వాటిని చూడకుండా వదిలేస్తున్నాడు.

ఆమెని క్లినిక్ దగ్గర దింపి మారతహళ్ళి దారి పట్టాడు. సాయంత్రం ఆరున్నరకి అక్షరని ఈతక్లాసు నుంచి తీసుకురావాలి. మేడమ్ కూతురు, పదేళ్ళ పిల్ల. ఈలోగా ఈ బల్బుల సంగతి తేలిపోవాలి. పోయిన గురువారం చీకటి పడుతుండగా సర్వీసు రోడ్డులో పూలబుట్టతో అడ్డమొచ్చిన ఆడమనిషి అతనికి కనపడనే లేదు. వెనక సీట్లోంచి అక్షర "అంకుల్!" అని అరిచాకే బ్రేకు తొక్కాడు. ఆమెకి తగల్లేదు. బుట్ట బోర్లాపడి మల్లెపూలు చక్రాల కిందికి పోయాయి. "పాడు బల్బులు, పాపా" అన్నాడు. పిల్ల ఇంట్లో చెప్పినట్టు లేదు.

మునిలక్ష్మి కొట్టు ఫ్లైఓవరు పక్క సందులో ఉంది. ఇరవై ఏళ్ళుగా కారు బల్బులూ హారన్లూ అమ్ముతోంది. అతన్ని చూడగానే కళ్ళజోడు నెత్తిమీదికి జరిపింది.

"ఏమన్నా, మళ్ళా వచ్చినావు? మొన్ననే కదా తీసుకోనిపోతివి?"

"అవి బల్బులా? వాటికన్నా మిణుగురు పురుగులు నయం. నూరు-తొంభై వాట్లది ఇయ్యి."

"నీ బండికి అరవై-యాభై ఐదే. అంతకన్నా ఎక్కువేస్తే హోల్డర్ కాలిపోతాది."

"అట్లయితే ఎల్ఈడీ ఇయ్యి."

"నీ బండి లైటు గిన్నెకి అది కుదరదన్నా. వెలుగంతా చెదిరి ఎదురొచ్చేవాని కండ్లల్లో కొడతాది. అట్లాంటోళ్ళని పోయినసారి ఈడే నిలబడి గంటసేపు తిడితివి కదా, మరిచిపోయినావా?"

మరిచిపోలేదు. అందుకే ఇంకా కోపం వచ్చింది. "నీకు అమ్మేదానికి ఇష్టం లేకపోతే చెప్పు, వేరే కొట్టుకి పోతా."

ఆమె నిట్టూర్చి లేచింది. వెనక షెడ్డులో మెకానిక్ దేవరాజ్‌ని పిలిచి, కారుని గోడకి ఎదురుగా పెట్టించింది. ఎడమవైపు మామూలు బల్బు, కుడివైపు కొట్టులోకెల్లా ఖరీదైనది వేయించి షట్టరు కిందికి లాగించింది. మధ్యాహ్నమే అయినా షెడ్డు చీకటైంది. స్విచ్చి వేశారు.

"ఎడమదే బాగుండాదక్కా" అన్నాడు దేవరాజ్. "గోడ మీద వెలుగు గీత చూడు. కత్తితో కోసినట్టు ఉండాది."

ఏ గీత? బైరప్ప నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు. అతని ముందు గోడ మీద రెండు మసక మచ్చలున్నాయి. చుట్టూ రంగురంగుల వలయాలు.

"రెండూ దండగే" అన్నాడు.

మునిలక్ష్మి ఒక డబ్బా తెచ్చి అతని చేతిలో పెట్టింది. "సరే. దీని మీద ఏమి రాసిండాదో సరిచూసుకో."

"అరవై-యాభై ఐదు" అన్నాడు వెంటనే.

"అన్నా, అది నూరు-తొంభై. నువ్వు అడిగిందే తెచ్చినా."

"చీకట్లో చేతికిస్తే ఎవనికి కనపడతాది?" అని అరిచాడు. దేవరాజ్ గబగబా షట్టరు ఎత్తాడు. ఎండ నేరుగా డబ్బా మీద పడింది. బైరప్ప దాన్ని దగ్గరికీ దూరంగా జరిపాడు, అటూ ఇటూ తిప్పాడు. అక్షరాలు కుదురుకోలేదు.

పోయినేడు తమ ఊరు అత్తిబెలెలో కంటి శిబిరం పెట్టినప్పుడు భార్య అక్కయమ్మ పోరు పడలేక వెళ్ళాడు. ఇది పొర కాదు, నరం ఎండుతోంది, పోయిన చూపు తిరిగి రాదు, బండి నడపడం మానెయ్ అన్నాడు డాక్టరు. చుక్కలమందు మాత్రం ఒక్కపూట మానకుండా వేసుకున్నాడు. బండి మానెయ్యమన్న మాట అక్కయమ్మకి కూడా చెప్పలేదు.

"దేవరాజ్ వస్తాడన్నా, బండి తోలుకోని" అంది మునిలక్ష్మి మెల్లిగా.

"సుమ్నే ఉండు, నువ్వేమీ చెప్పొద్దు. నేను స్టీరింగ్ పట్టినప్పుడు వాడు పుట్టనే లేదు." విసవిసా కారు దాకా నడిచాడు. తలుపు తీశాడు. వెనక సీటు మీద అక్షర ఈతటోపీ ఉంది. దాన్నే చూస్తూ నిలబడి, తాళంచెవి వెనకున్న దేవరాజ్ వైపు చాపాడు.

పదకొండేళ్ళలో ఆ కారు ఎడమసీట్లో కూర్చోవడం అదే మొదలు. బెల్టు కోసం అతని చెయ్యి కుడిభుజం మీదికి పోయి, అక్కడ ఏమీ దొరక్క వెనక్కి వచ్చింది. దారి పొడవునా దేవరాజ్ గేరు మార్చినప్పుడల్లా బైరప్ప ఎడమకాలు నేలని నొక్కుతూనే ఉంది.

క్లినిక్ ముందు కిరణ్మయి చేతిలో తాళంచెవి పెట్టాడు.

"సాయంత్రం పాపకి వేరే బండి పెట్టుకోండి మేడమ్. నాకు చూపు పోతా ఉండాది. డాక్టరు పోయినేడే చెప్పినాడు. నేనే మీకు చెప్పలే." గురువారం సంగతి కూడా చెప్పాడు, పూలబుట్టతో సహా.

ఆమె ముఖంలో రంగు మారింది. "ఏడాదా? ఏడాది నుంచి అక్షరని రోజూ..." ఆపేసింది. బైరప్ప తల దించుకున్నాడు. తిట్టినా బాగుండుననిపించింది. ఆమె తిట్టలేదు. "ఇంటికి ఎలా వెళ్తారు?" అని మాత్రం అడిగింది.

"అత్తిబెలె బస్సులు చానా ఉండాయి మేడమ్."

నీళ్ళసీసా, దువ్వెన, తుడిచే గుడ్డ సంచిలో వేసుకున్నాడు. డ్రైవరు సీటుకి తను కట్టుకున్న చెక్కపూసల తొడుగు విప్పుదామని వంగాడు. సీటు కింద ముడి వేళ్ళకి తగిలింది కానీ, దాని కొస ఎటుందో తెలియలేదు. కాసేపు తడిమి, విసుక్కుని, చెయ్యి తీసేసుకున్నాడు. దేవరాజ్‌కి తల ఊపి, సంచి భుజానికి తగిలించుకుని నడిచాడు. బస్‌స్టాపులో ఆగిన ప్రతి బస్సునీ ఎక్కడికి పోతుందో పక్కవాళ్ళని అడుగుతున్నాడు.

కారు సాయంత్రం దాకా క్లినిక్ ముందే ఉంది. ఖాళీ సీటు మీద, నడుము ఆనే చోట రంగు పోయి నున్నబడిన ఆ పూసలు ఒక పొట్టి మనిషి వీపంత మేర లోపలికి ఒదిగి ఉన్నాయి.