డ్రైవరు లేని బస్సు

రండి, దగ్గరికి జరిగి కూర్చోండి. ఏమ్మా, ఆ మూల ముచ్చట్లు కాసేపు కట్టిపెట్టండి. దగ్గొచ్చేవాళ్ళు ఇప్పుడే దగ్గేయండి. మధ్యలో దగ్గితే బస్సు మీదికొచ్చేస్తుంది, తర్వాత నన్నని లాభం లేదు.

ఒక డ్రైవరు ఉండేవాడు. ఇరవై ఎనిమిదేళ్ళు సిటీ బస్సు నడిపాడు, చీమక్కూడా గీత పడనివ్వలేదు. ఆయన బ్రేకు ఎంత మెత్తనిదంటే, ఇంజను డబ్బా మీద ఎవరో మరిచిపోయిన కోడిగుడ్డు ఒక్క దొర్లు దొర్లకుండా ఆ వేడికే పొదిగి, డిపో చేరేసరికి పిల్లై దిగింది. నమ్మనివాళ్ళు వెళ్ళి ఆ కోడినే అడగండి.

అలాంటి మనిషికి ఒక పొద్దున మెదడులో నరం పూడుకుపోయింది. ప్రాణం దక్కింది. కాలూ చెయ్యీ మెల్లగా కదిలాయి. పోయిందల్లా ఎడమవైపు. కళ్ళు బాగానే ఉన్నాయి, మెదడే ఆ వైపును పట్టించుకోవడం మానేసింది. కంచంలో కుడి సగం తిని "ఇంతేనా పెట్టింది?" అని పెళ్ళాం మీద విసుక్కునేవాడు. గడ్డం కుడిచెంప వరకే గీసుకునేవాడు. ఒకరోజు నిద్ర లేచేసరికి పక్కలో ఎవరిదో మగ చెయ్యి! ఇల్లదిరేలా కేక పెట్టాడు. పెళ్ళాం పరిగెత్తుకొచ్చి, దాన్ని ఎత్తి కళ్ళముందు పెట్టింది. అది ఆయన చెయ్యే.

అప్పట్నుంచి పట్టుకుంది భయం. చీకటైతే చీకటుందని తెలుస్తుంది. అక్కడ చీకటి కూడా లేదు. ఆ లేనిచోటు నుంచే మనుషులు ఊడిపడేవారు, తలుపులు వచ్చి భుజానికి కొట్టుకునేవి.

ఆస్పత్రిలో థెరపీ అమ్మాయి ఆయన కళ్ళకు ఒక డబ్బా కట్టేది. వీఆర్ అంటారు దాన్ని. కట్టగానే గది మాయమై రోడ్డు ప్రత్యక్షమవుతుంది. నిలబడ్డచోటే అడుగులేస్తే లోపల నడిచినట్టుంటుంది. పడిపోకుండా నడుముకి పటకా కట్టి వెనకనుంచి ఆ అమ్మాయే పట్టుకుంటుంది. చెయ్యాల్సిందల్లా రోడ్డు దాటడం. సగం దాకా బండ్లు కుడినుంచి వస్తాయి, చూసి దాటేవాడు. మిగతా సగంలో ఎడమనుంచి వస్తాయి. మూడు వారాల్లో ఆయన్ని గుద్దని బండి లేదు. కారు, లారీ, పాలవ్యాను, చివరికి సైకిలు కూడా. గుద్దగానే తెరంతా ఎర్రబడేది. నొప్పేమీ ఉండదు, కానీ చొక్కా తడిసి ముద్దయ్యేది.

ఆరోజు పరీక్ష.

"మూడుసార్లలో ఒక్కసారైనా ఎడమకి చూడాలి బాబాయ్. లేకపోతే ఒంటరిగా బయటికి వెళ్ళొద్దని డాక్టరుగారు రాసేస్తారు" అంది అమ్మాయి.

ఊరంతా తిప్పిన మనిషికి ఇక గడపే ఆఖరి స్టాపు.

తోడుగా బామ్మర్ది వచ్చాడు. ఆయన బస్సులోనే పదిహేనేళ్ళు కండక్టరు. బావ లోపల చూసేదంతా గోడమీది టీవీలో అతనికీ కనిపిస్తోంది.

మొదటిసారి లారీ. ఎరుపు. రెండోసారి కారు. మళ్ళీ ఎరుపు.

"ఎడమకి తిరుగు బావా!"

"తిరిగాను కదరా!"

"ఏం తిరిగావ్, నీ ముక్కు ఇంకా కుడివైపే ఉంది!"

"ఎడమంటే ఎక్కడరా? అదెక్కడుందో తెలిస్తే చూడనా?"

"అన్నయ్యా, మీరు నోరు మెదపకండి. ఇది పరీక్ష" అంది అమ్మాయి.

మూడోసారి. సగం దాటి నడిరోడ్డులో నిలబడిపోయాడు. ఏదో వస్తోంది, చప్పుడు పెరుగుతోంది, ఏవైపునుంచో తెలియదు. వెనక్కి పోదామన్నా దారి లేదు. కళ్ళు గట్టిగా మూసుకుని కాలెత్తాడు.

టీవీలో ఎడమ అంచున ఒక బస్సు ముక్కు. పెద్దదవుతోంది. బామ్మర్దిని మాట్లాడొద్దన్నారు గానీ చెయ్యి కదపొద్దని ఎవరూ అనలేదు. జేబులోంచి తాళంచెవి తీసి ఇనుప కుర్చీ మీద కొట్టాడు. ఠంగ్!

బస్సులో కండక్టరు ఒక గంట కొడితే ఆపు. రెండు కొడితే పోనీ.

ఆయన కాలు గాల్లోనే ఆగింది. గంట వినగానే డ్రైవరు ఇంకో పని కూడా చేస్తాడు: ఎడమ అద్దంలోకి చూస్తాడు, మెట్ల దగ్గర దిగేవాళ్ళు దిగారా లేదా అని. ఇరవై ఎనిమిదేళ్ళుగా చూసిన చూపది. కళ్ళు తెరుచుకున్నాయి. మెడ దానంతటదే తిరిగింది.

అక్కడ ఉంది బస్సు. ఆ లేనిచోటంతా నిండిపోయి, మీదికొచ్చేస్తోంది. లోపల స్టీరింగు తిరుగుతోంది. సీట్లో ఎవరూ లేరు. బొమ్మ చేసినవాళ్ళు డ్రైవర్ని పెట్టడం మరిచిపోయారు.

"ఒరేయ్, డ్రైవరు లేడురోయ్!"

మరొకడైతే వెనక్కి దూకేవాడు. ఈయన బస్సెక్కి ఆపడానికి దానికే ఎదురెళ్ళాడు! పటకా పట్టుకున్న పాపానికి ఆ అమ్మాయి గాలిపటంలా వెనకాలే లేచింది. హ్యాండుబ్రేకు కోసం ఎడమ చెయ్యి చాచి, చేతికందిన కర్టెను పట్టుకుని లాగాడు. కర్టెనూ కడ్డీ ధడేల్‌మని నేలమీద పడ్డాయి. తెర ఎర్రబడి, బొమ్మ ఆగిపోయింది.

డబ్బా తీసేసరికి ఆయన మొహంలో నెత్తుటిచుక్క లేదు. "ఆపానా? ఎవరికైనా తగిలిందా?"

"ఎవరికీ తగల్లేదులే బావా" అన్నాడు బామ్మర్ది, కళ్ళు తుడుచుకుంటూ.

ఆయన మెల్లగా కిందికి చూశాడు. ఎడమ చెయ్యి కర్టెను గుడ్డను పిడికిట్లో బిగించుకుని ఉంది. తన చెయ్యే. వదల్లేదు. వదిలితే చెయ్యి మళ్ళీ ఎటు పోతుందోనని భయం.

అమ్మాయి జుట్టు సర్దుకుని కాగితం తీసింది. "రోడ్డు దాటలేదు బాబాయ్. కానీ ఎడమకి చూశారు. అదీ గంట కొడితే చూశారు. అందుకని ఒంటరిగా వద్దు, గంట కొట్టే మనిషి పక్కనుంటే వెళ్ళొచ్చు అని రాస్తున్నా. నెల తర్వాత మళ్ళీ చూద్దాం."

"పద బావా" అని బామ్మర్ది కుర్చీని రెండుసార్లు కొట్టాడు.

ఈ గోలకి బయట బెంచీ మీద తన వంతుకోసం కూర్చున్న ముసలమ్మ తలుపులోంచి తొంగిచూసింది. టీవీలో ఆగిపోయిన ఖాళీ బస్సును ఎగాదిగా చూసి అంది:

"ఏం నాయనా, ఇది మార్కెట్ మీదుగా పోతుందా? డ్రైవరు లేకపోతే పోయాడులే, నాకు కిటికీ పక్క సీటుంటే చాలు."