మొదట తేలిన తేదీ

"తెలియదు" అన్న మాట మీద ఆయన ఎర్రసిరాతో అడ్డంగా గీశాడు. కింది గడిలో ఇంకో "తెలియదు". దాన్నీ కొట్టేశాడు. పేజీ చివరికి వచ్చేసరికి కాగితం మీద రాసినదానికన్నా కొట్టేసిందే ఎక్కువైంది. ఎదురుగా నిలబడ్డ తొందరబాబు నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేక గోడగడియారం చూస్తున్నాడు.

"తెలియదు అంటే అర్థం ఏమిటో తెలుసా? నేను వెతకలేదు అని. అలాగే రాయి. బద్ధకించాను అని రాసి కింద సంతకం పెట్టు" అన్నాడు ఆయన, తల ఎత్తకుండానే.

తొందరబాబుకు ఆ పేరు పెట్టింది ఆయనే. కొత్తగా చేరిన ముగ్గురికీ మొదటి వారంలోనే పేర్లు పెట్టేశాడు. సెల్‌ఫోన్ల దుకాణం మానేసి వచ్చి, వంద కాగితాలు గంటలో ఊదిపారేసేవాడు తొందరబాబు. నర్సింగు చదువు మధ్యలో వదిలేసి, అర్థమైనా కాకపోయినా "సరే సార్" అనే అమ్మాయి సరేసారు. మూడో ఆమెకు నలభై రెండేళ్ళు. ఏదో చిన్న ల్యాబు కౌంటర్లో పదిహేనేళ్ళు కూర్చుని, అది మూతపడ్డాక ఇక్కడికొచ్చింది. ఒక్కో కాగితాన్ని బియ్యంలో రాళ్ళేరినట్టు చూస్తుంది కాబట్టి ఆమె నత్తమ్మ. ఆయన వెనక వాళ్ళు ఆయన్ను తేదీల పంతులు అంటారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసి, అదేదో బిరుదైనట్టు మురిసిపోయాడు.

పెద్దాసుపత్రి నేలమాళిగలో, బట్టలుతికే గదికీ విరిగిన మంచాలు పడేసే గదికీ మధ్య ఆ కార్యాలయం. పైన గొట్టాలు, కింద చెమ్మ, నాలుగువైపులా కాగితాల బీరువాలు. ఊళ్ళో ఎవరికి కేన్సరు వచ్చినా ఆ గదిలో ఒక కార్డు తయారవుతుంది. ఎక్కడ మొదలైంది, ఏ తేదీన మొదట తేలింది, ఏ పరీక్షతో తేలింది, మనిషి ఉన్నాడా పోయాడా. ఈ లెక్కలు చూసే ఏ పేటలో ఎక్కువుంది, ఎక్కడ ముందే పసిగట్టాలి అన్నది పైవాళ్ళు తేలుస్తారు. పంతులు ముప్ఫై నాలుగేళ్ళుగా ఈ కార్డులు రాస్తున్నాడు. ఆ పనిలో జబ్బుమనిషిని మాత్రం ఒక్కణ్ణీ చూడలేదు. చూడవలసిన అవసరం ఉందనీ అనుకోలేదు.

సన్నని మనిషి. ఎంత ఉక్కగా ఉన్నా మెడ దగ్గర గుండీ తీయడు. చెవుల్లో తెల్లవెంట్రుకలు. కుడిచేతి చిటికెనవేలి గోరు పొడుగ్గా పెంచాడు, వరసలు తప్పిపోకుండా కాగితం మీద ఆనించి జరపడానికి. ఆయన లెక్కలో లోకంలో రెండే రకాల మనుషులు: తేదీ సరిగ్గా రాసేవాళ్ళు, గాడిదలు. మొదటి రకంలో ఇప్పటిదాకా ఆయనొక్కడే చేరాడు. ముప్ఫై నాలుగేళ్ళలో తన చేతిరాత మీద ఒక్క దిద్దుబాటు కూడా పడలేదని వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. రానివాళ్ళకు ఫోనులో చెబుతాడు.

రెండు నెలల శిక్షణకు ఆ రోజు ఆఖరు. గదిలో మూడు కుర్చీలకే అనుమతి ఉంది, అందులో ఒకటి పంతులుది. కాబట్టి ముగ్గురిలో ఇద్దరే ఉంటారు. సాయంత్రం అయిదుకల్లా ఆ ఇద్దరెవరో రాసి పైఅంతస్తులో పెద్ద డాక్టరుకు పంపాలి. పోయే మనిషి నత్తమ్మేనని అందరికీ తెలుసు, అందరికన్నా ఎక్కువ ఆమెకు తెలుసు. ఈ వయసులో ఇంకెవరూ కొత్తగా చేర్చుకోరని ఆమె ఒకసారి సరేసారుతో అనడం పంతులు చెవినపడింది. ఆయనేమీ జాలిపడలేదు. పని రానప్పుడు వయసు ఏదైతేనేం అనుకున్నాడు.

పదకొండింటికి సరేసారు ఒక కార్డు తెచ్చింది. జబ్బు మొదలైన చోటు అన్న గడిలో కాలేయం అని రాసింది. మొదలైంది పెద్దపేగులో, కాలేయానికి పాకింది తరవాత.

"పప్పులో కాలేశావు. దొంగ దొరికిన ఇల్లు కాదమ్మా, దొంగ పుట్టిన ఇల్లు రాయాలి" అన్నాడు. ఆ అమ్మాయి సరే సార్ అంది. ఏం సరేనో చెప్పమన్నాడు. చెప్పలేకపోయింది. అందరూ వినేలా మూడుసార్లు అడిగి, మూడుసార్లూ చెప్పలేకపోయాక తృప్తిగా వెనక్కి వాలాడు. అసలు చెప్పడం కన్నా ఈ భాగమే ఆయనకు ఎక్కువ ఇష్టం.

తరవాత జంటకాగితాల పని అప్పగించాడు. ఒకే మనిషి రెండు ఆసుపత్రుల్లో తిరిగితే రెండు కార్డులు పుడతాయి. వాటిని పట్టుకుని కలపాలి, రెంటిలో ముందున్న తేదీనే ఉంచాలి. తలా నూరు కార్డులు ఇచ్చాడు. మూలనున్న అసంపూర్తి పెట్టె జోలికి మాత్రం పోవద్దన్నాడు. కేన్సరని తేలిన ప్రతి చీటీ నకలునూ ఊళ్ళోని ల్యాబులు ఈ గదికి పంపాలి. అడ్రసు లేకుండా వచ్చిన చీటీలు ఆ పెట్టెలో పడతాయి. నిబంధన ప్రకారమైతే పదిహేను రోజుల్లో ల్యాబుకు ఫోను చేసి అడ్రసు కనుక్కోవాలి. పంతులు చేయడు. కౌంటరు దద్దమ్మలకు మనం ఫోను చేస్తే వాళ్ళకు బుద్ధెప్పుడొస్తుంది, వాళ్ళే దిద్ది పంపాలి అని ఆయన సొంత శాసనం. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. దద్దమ్మలు దిద్ది పంపలేదు, పెట్టె మాత్రం నిండింది.

మధ్యాహ్నం అందరూ పైన క్యాంటీనుకు వెళితే, ఆయన గోడవైపు తిరిగి డబ్బా విప్పి తిన్నాడు. భార్య పోయి పదకొండేళ్ళు, వంట తనే చేసుకుంటాడు. ఆమె ఉన్నరోజుల్లో ఆయన కంటికి ఆనేది కాదు. ఉప్పు దగ్గర్నుంచి ఉత్తరం మడతపెట్టడం దాకా అన్నిటికీ వంక పెట్టేవాడు. ఒకసారి ఆమె కడుపునొప్పికి భయపడి డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చింది. ఉత్త అజీర్తని తేలింది. అంతే, నెల్లాళ్ళపాటు వదినగారికీ తోడల్లుడికీ చెప్పి నవ్వించాడు. "మా ఇంట్లో ఒక పేషెంటుంది, జబ్బే ఇంకా దొరకలేదు" అని. ఆమె కూడా నవ్వింది. మళ్ళీ ఏనాడూ ఆయనతో ఒంట్లో బాగాలేదని అనలేదు.

మూడింటికి తొందరబాబు నూరూ ముగించి జంటలేమీ లేవన్నాడు. సరేసారు నాలుగు పట్టింది, అందులో రెండు తప్పు. నత్తమ్మ పన్నెండు కార్డులే చూసింది. ఆ మాట చెప్పడానికే వస్తోందనుకుని పంతులు నోటిదగ్గర మాట సిద్ధం చేసుకున్నాడు.

ఆమె రెండు కాగితాలు బల్ల మీద పెట్టింది. ఒకటి పూర్తి చేసిన కార్డు, ఒకటి పాత చీటీ. "సార్, ఈ రెండూ ఒకరివే" అంది చిన్నగా.

చీటీ ఎక్కడిదని అడిగాడు. అసంపూర్తి పెట్టెలోదంది. ముట్టుకోవద్దని చెప్పానా లేదా అన్నాడు. చెప్పారు సార్ అంది. పేరు ఒకటే. చీటీలో భర్త పేరు బదులు తండ్రి పేరుంది, వయసు రెండేళ్ళు తక్కువ. కానీ పుట్టిన తేదీ, నెల ఒకటే, ఎడమ రొమ్ము అనే రెంటిలోనూ ఉంది. చీటీ తేదీకీ కార్డులో తేదీకీ ఏడు నెలలు తేడా. ఇదంతా చెబుతున్నంతసేపూ ఆమె బొటనవేలు కార్డు మీద ఒక గడిని మూసి ఉంచింది. మిగతా ఇద్దరికీ కనబడకూడదని మూసింది. అది భర్త పేరు గడి. ఆ పేరు హాజరుపట్టీలో రోజూ మొదటి వరసలో ఉండేదే.

ఆ బొటనవేలి కింద ఏ పేరుందో పంతులుకు తెలుసు. అయినా నోరు ఊరుకోలేదు. "అడ్రసు రాయడం చేతకాని దద్దమ్మ పంపిన చీటీ అది. దాన్ని పట్టుకుని నా కార్డు దిద్దమంటావా?"

"దద్దమ్మ కాదు సార్. నేనూ కౌంటర్లో కూర్చున్నదాన్నే. చీటీ మీద అడ్రసు రాయొద్దని ఆడవాళ్ళే బతిమాలుతారు. ఏమీ లేదని తేలితే ఇంట్లో ఎగతాళి చేస్తారని" అంది ఆమె.

ఆయనకు ఇంత గట్టిగా తగిలిన మాట ఇంకొకటి లేదు. అయినా తగిలినవాడు తిరిగి కొట్టకుండా ఉంటాడా. ఇవి వేరు మనుషులు, నీకు ఈ పని రాదు, వెళ్ళి కూర్చో అన్నాడు. ఆమె కాగితాలు రెండూ అక్కడే వదిలి వెళ్ళింది. ఆయన పెద్ద డాక్టరుకు పంపే కాగితం తీసి తొందరబాబు, సరేసారుల అసలు పేర్లు రాశాడు. ఇక సంతకమే మిగిలింది. "వేరు మనుషులు" అని చీటీ మీద రాసి మళ్ళీ పెట్టెలో పడేస్తే, ఇంకో పదకొండేళ్ళు ఎవరూ అడగరు. ముప్ఫై నాలుగేళ్ళ మచ్చలేని చేతిరాత అలాగే ఉంటుంది.

గది అవతలి మూల నత్తమ్మ ఫోను చేస్తోంది. పెట్టెలోంచి తీసిన ఇంకో చీటీ చేతిలో ఉంది. "అక్కా, నమోదు ఆఫీసు నుంచి. ఒక అడ్రసు కావాలి, కాస్త పాత రిజిస్టరు చూస్తారా" అంటోంది. అవతల మనిషి వెతుకుతున్నట్టుంది. నత్తమ్మ పెన్ను పట్టుకుని ఆగింది. తరవాత రాసుకుంది, థాంక్సక్కా అంది, పెట్టేసింది. పంతులు గడియారం చూశాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆయనకు సిగ్గేసింది. ఒళ్ళంతా పాకే సిగ్గు, ముప్ఫై నాలుగేళ్ళలో ఇతరులకు పంచిపెట్టిందే తప్ప తాను ఎరగనిది. ఆ రెండు నిమిషాలు ఆయన ఖర్చు పెట్టలేదు. భార్య చీటీ తన చేతుల మీదుగానే పెట్టెలో పడింది, అడ్రసు గడి ఖాళీగా కనబడగానే పేరు కూడా చదవకుండా విసిరేశాడు. ఏడు నెలల తరవాత ఆమె పుండు చూపించినప్పుడు, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని ఆసుపత్రి వరండాలో అందరిముందూ కేకలేశాడు. ఆమె పోవడానికి నాలుగురోజుల ముందు చెప్పింది, ఫిర్యాదులా కూడా కాదు. "పరీక్ష చేయించుకున్నానండీ, ఫలితానికి మళ్ళీ వెళ్ళలేదు. చెడ్డవైతే చీటీలన్నీ మీ బల్ల మీదికే వస్తాయి కదా. మీరేం అనలేదు. ఏం లేదేమోననుకున్నా."

ఆ మర్నాడే పెట్టెలో వెతికితే చీటీ దొరికింది. చించడానికి చేతులు రాలేదు, చీటీలు చించేవాడు కాదు మరి. తిరిగి అక్కడే పెట్టి, కార్డులో మాత్రం ఏడు నెలల తరవాతి తేదీ వేశాడు. అంతటి తేదీల పంతులు, సొంత ఇంటి తేదీ దొంగిలించాడు.

అయిదుకు పది నిమిషాలుండగా కార్డు ముందుకు లాక్కున్నాడు. మొదట తేలిన తేదీని కొట్టేసి చీటీలోని తేదీ వేశాడు. పక్కన సంతకం చేశాడు. దిద్దుబాటుకు కారణం అన్న గడిలో ఇలా రాశాడు: చీటీ నా దగ్గర ఏడు నెలలు ఉన్నది, నేను ఫోను చేయలేదు. తరవాత డాక్టరు కాగితంలో మూడో పేరు చేర్చి, మూడో కుర్చీ నాది, రేపటినుంచి ఖాళీ అని కింద రాశాడు. దాన్ని తొందరబాబు చేతికిచ్చి పైకి పంపాడు. నిదానంగా వెళ్ళు, మెట్ల మీద పడతావు అన్నాడు.

నత్తమ్మ బల్ల దగ్గర ఆగాడు. క్షమించమనడం ఆయనకు రాదు, ఎప్పుడూ నేర్చుకోలేదు.

"ఆ పెట్టెలో ఇంకెన్ని ఉన్నాయి?" అన్నాడు.

"మూడొందల పైనే సార్."

"ముందు ఆడవాళ్ళవి చెయ్యమ్మా" అని గొడుగు తీసుకుని మెట్లెక్కాడు. మెడ దగ్గర గుండీ తీసి ఉండడం సరేసారు చూసింది.

ఆయన వెళ్ళాక నత్తమ్మ కాగితాలు సర్దడానికి ఆ బల్ల దగ్గరికి వచ్చింది. కార్డు బోర్లించి ఉంది. దాని మీద చీటీ. పదకొండేళ్ళకు పైగా ఖాళీగా ఉన్న అడ్రసు గడిలో, వరస తప్పని ఎర్ర అక్షరాలతో, ఇంటి నంబరు, వీధి, రెండో అంతస్తు, ఎడమవైపు తలుపు.