దొరబాబు కారు

ఇరవై రెండేళ్లుగా సిటీ బస్సు నడుపుతున్న ఆవిడ లెక్కలో బండ్లు రెండే రకాలు. జనాన్ని మోసేవి కొన్ని, జనమే మోయాల్సినవి కొన్ని. తమ్ముడు కొన్న కారు రెండో రకమని చూసీ చూడగానే తేలిపోయింది.

తమ్ముడు వంకర పళ్లు సరిచేసే డాక్టరు. చిన్నప్పుడు ఇస్త్రీ మడత నలుగుతుందని ఉయ్యాల కూడా ఎక్కేవాడు కాదు గనక ఇంట్లో అందరూ దొరబాబు అనేవాళ్లు. నలభై ఒకటి నిండినా ఆ పేరు పోలేదు, ఆ గుణమూ పోలేదు. కారు ఇంటికి వచ్చిన రోజున అక్కను పనిగట్టుకుని పిలిపించాడు. బ్యాటరీ మీదా నడుస్తుందన్నాడు, పెట్రోలు మీదా నడుస్తుందన్నాడు, రెండూ కలిస్తే మూడు సెకన్లలో వంద దాటుతుందన్నాడు. బ్యాటరీ మీద వెళ్తే పక్కింటి పిల్లికి కూడా వినపడదట. అంతా విని ఆవిడ సామాను ఎక్కడ పెడతారని అడిగింది. దొరబాబు ముందు మూత ఎత్తి చూపించాడు. లోపల బిందె పట్టేంత చోటుంది.

"నా హ్యాండ్‌బ్యాగు పడుతుంది వదినా, గొడుగు మాత్రం పట్టదు," అంది మరదలు, నవ్వకుండా.

సీట్లు రెండే. ఇంట్లో మనుషులు నలుగురు. పిల్లలిద్దరూ స్కూలుకు మామూలుగానే ఆటోలో వెళ్లారు.

ఆ తరవాత ఏడాదిపాటు ఆ కారు ఇంటి నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి ఇంటికి తిరిగింది. ఆ దూరం కిలోమీటరున్నర. దారిలో మూడు స్పీడ్ బ్రేకర్లు ఉన్నాయి. వాటి మీద కారు కడుపు గీరుకోకుండా దొరబాబు ఏటవాలుగా, పాముపిల్లలా ఎక్కించి దించేవాడు. వెనక ఆగిన జనం హారన్లు కొట్టేవాళ్లు. రెండుసార్లు ఆ హారన్లలో ఆవిడ బస్సుది కూడా ఉంది. తమ్ముడని తెలిసే కొట్టింది.

ఒక ఆదివారం పొద్దున్నే దొరబాబు అక్క ఇంటికి నడిచి వచ్చాడు. ఆవిడ యూనిఫారం చొక్కాకు ఊడిన బొత్తాం కుట్టుకుంటోంది. టీ ఇచ్చింది. ఒక గుక్క తాగి, ఇలాంటి టీ తాగి ఎన్నాళ్లయిందో అన్నాడు. దొరబాబు ఒకరి టీని మెచ్చుకున్నాడంటే ఏదో పని పడిందన్నమాట. ఆవిడ సూది పక్కన పెట్టింది.

కార్ల పత్రిక ఒకటి ఉందట. అందులో నెలనెలా 'యజమాని మాట' అని ఒక పేజీ వస్తుందట. ఖరీదైన బండ్లు కొన్నవాళ్లు తమ అనుభవాలు రాస్తారట. ఈసారి తన వంతు వచ్చింది. జేబులోంచి రెండు కాగితాలు తీసి చదివి వినిపించాడు. అందులో కారు చిరుతపులి అయింది, వీణ అయింది, ఒకచోట ధ్యానం కూడా అయింది. "కొండ మలుపుల్లో ఈ కారు నా ఆలోచన కన్నా ఒక క్షణం ముందే తిరుగుతుంది" అన్న చోట గొంతు కాస్త పెంచాడు.

"నువ్వు ఏ కొండ ఎక్కావురా?" అని అడిగింది ఆవిడ.

దొరబాబు కాగితాలు మడిచాడు. కాసేపు నసిగి, అసలు సంగతి కక్కాడు. కొన్న నెలకే ఒకసారి కొండదారి ఎక్కాడు. మూడో మలుపులో, అప్పటిదాకా గుట్టుగా బ్యాటరీ మీద పోతున్న బండిలో, చెప్పాపెట్టకుండా పెట్రోలు ఇంజన్ లేచింది. బెదిరిపోయి మలుపు మధ్యలో బ్రేకు తొక్కాడు. వెనక చక్రాలు జారి, పిట్టగోడకు పక్కభాగం గీరుకుంది. గంటసేపు రోడ్డు పక్కన కూర్చుని, కారును లారీ మీద ఎక్కించి దింపించుకున్నాడు. ఆ గీత బస్సు రాసుకుపోతే పడిందని ఇంట్లో చెప్పాడు.

"బస్సా?" అంది ఆవిడ.

"ఏదో ఒకటి చెప్పాలి కదక్కా."

ఇప్పుడు చిక్కేమిటంటే, పత్రికవాళ్లు ఆ కొండదారిలోనే ఫోటోలు తీస్తారట, పక్క సీట్లో కూర్చుని చూస్తారట. బుధవారం నాడు అక్కకు సెలవు. చేతికి దెబ్బ తగిలిందని చెప్పి, స్టీరింగు అక్కకు ఇస్తాడు. ఈ ఒక్కసారికి పరువు నిలబెట్టమన్నాడు. తన కాలేజీ రోజుల్లో అక్క బస్సు కాలేజీ గేటు ముందే ఆగేదని, తోటి పిల్లలు చూస్తారని తను దాన్ని వదిలేసి తరవాతి బస్సు ఎక్కేవాడని ఆవిడకు తెలియదనుకున్నాడు కాబోలు. బస్సు అద్దంలో అన్నీ కనిపిస్తాయి. ఇప్పటికీ ఎవరైనా అడిగితే అక్క రవాణా శాఖలో చేస్తుందంటాడు, అక్కడేదో బల్ల ముందు కూర్చుని ఫైళ్లు తిప్పుతున్నట్టు.

తమ్ముడంటే ఎంత చులకన ఉన్నా, రోడ్డంటే ఆవిడకు చులకన లేదు. వీడు మొండికేసి తనే నడిపితే ఎదురొచ్చేవాళ్లకు ప్రమాదం. అందుకని సరేనంది.

బుధవారం కొండ కింద టీ దుకాణం దగ్గర పత్రికాయన ఎదురుచూస్తున్నాడు. బట్టతల, చిన్న బొజ్జ, మర్యాద తెలిసిన మనిషి. వెంట ఫోటోలు తీసే అతను ఉన్నాడు, ఒక వ్యాను ఉంది. దొరబాబు కుడిచేతికి కట్టు కట్టుకుని, ఎడమచేతికి వేళ్లు బయటపడే తోలు తొడుగు వేసుకుని దిగాడు. చెయ్యి బెణికిందని, తను నడపలేకపోతున్నందుకు మనసు కొట్టుకుంటోందని చెప్పాడు. పత్రికాయన ఆవిడ వైపు చూసి నమస్కారం పెట్టి, వీరెవరని అడిగాడు.

"మా డ్రైవరు," అన్నాడు దొరబాబు.

ఆ మాట అనేటప్పుడు గొంతు తడబడలేదు. అంటే ఇప్పటికిప్పుడు నోరుజారిన మాట కాదు, దారి పొడవునా సాధన చేసుకుని వచ్చిన మాట. ఆవిడ తమ్ముడి ముఖంలోకి చూసింది. వాడు కారు అద్దం మీద లేని దుమ్మును తుడుస్తున్నాడు. తాళం వాడి కాళ్ల దగ్గర పడేసి బస్సెక్కి ఇంటికి పోదామా అనిపించింది. కానీ ఎదుట మర్యాదగా నిలబడ్డ పెద్దమనిషి ఉన్నాడు. తలుపు తీసి కూర్చుంది. కూర్చోవడమంటే అది కూర్చోవడం కాదు, గోతిలోకి దిగడం. బస్సులో జనం తలల మీంచి ఊరంతా చూసే మనిషికి ఇక్కడ ముందున్న స్కూటరు చక్రం తప్ప ఏమీ కనిపించలేదు. సీట్లు రెండే కాబట్టి పక్కన పత్రికాయన కూర్చున్నాడు. యజమాని వ్యానులో, ఫోటో సామాన్ల మధ్య, వెనకాల వచ్చాడు.

మొదటి రెండు కిలోమీటర్లు కారు చప్పుడు లేకుండా ఎక్కింది. తరవాత పెట్రోలు ఇంజన్ లేచింది. నిద్ర చెడిన మొగుడిలా ఒక్క కసురు కసిరి మరీ లేచింది. ఆవిడ బెదరలేదు. బెదరడానికి అందులో ఏముందో కూడా అర్థం కాలేదు. నాలుగు మలుపులయ్యాక పత్రికాయన, బండి ఎలా ఉందో చెప్పమన్నాడు. యజమాని రాసింది తన దగ్గర ఉందని, రోజూ నడిపేవాళ్ల మాట కూడా వినాలని ఉందని అన్నాడు.

అడిగాక ఆవిడ దాచుకోలేదు. బ్రేకు కాలికి అబద్ధం చెబుతోందంది. మొదటి సగం తొక్కితే బ్యాటరీకి మేత పెట్టుకుంటూ మెల్లగా లాగుతుంది, రెండో సగంలో గానీ అసలు బ్రేకు పడదు, ఎక్కడ ఒకటి ఆగి ఇంకొకటి మొదలవుతుందో కాలికి తెలియదు. వెనక అద్దంలోంచి చూస్తే రోడ్డు కాదు, ఇంజన్ మూత కనిపిస్తోంది. పెట్రోలు ఆదా చేయడానికి బ్యాటరీ పెట్టారు, ఆ బ్యాటరీ బరువు లాగడానికి ఇంకాస్త పెద్ద ఇంజన్ పెట్టారు. మెల్లగా పోతే తెర మీద పచ్చటి ఆకు బొమ్మ వేసి మెచ్చుకుంటోంది, బడిపిల్లకు పలక మీద వేసినట్టు.

"దీనికి రెండు ఇంజన్లు, రెండు సీట్లు," అంది చివరికి. "బస్సుకి ఒకటే ఇంజన్, అరవై మంది. ఇక్కడ బండి మనుషుల్ని మోస్తోందో, మనుషులు బండిని మోస్తున్నారో నాకైతే తెలియలేదండి."

పత్రికాయన గబగబా రాసుకున్నాడు. మీ యజమాని ఎలా నడుపుతారని అడిగాడు. బండి సంగతి అడిగితే చెబుతానని, మనిషి సంగతి వద్దని అంది.

"పోనీ, ఆయన దగ్గర ఎన్నాళ్లుగా ఉన్నారమ్మా?"

"ఆయన పుట్టినప్పట్నుంచీ."

పత్రికాయన మనసు కరిగిపోయింది. ఈ రోజుల్లో అంత నమ్మకంగా ఉండేవాళ్లు ఎక్కడ దొరుకుతారని నిట్టూర్చి, దాన్ని కూడా రాసుకున్నాడు.

కొండ మీద వెనక్కి తిప్పుకుని దిగేటప్పుడు ఫోటోల అతను ఒక మలుపు దగ్గర నిలబడ్డాడు. ఎదురుగా బండ్లు రాకుండా పైనా కిందా మనుషుల్ని పెట్టారు. కాస్త వేగంగా దిగమన్నారు. ఆవిడ దిగింది. ఇంకొంచెం వేగంగా కావాలన్నారు. మళ్లీ ఎక్కి దిగింది. మూడోసారి ఎవరూ అడగకపోయినా ఇంకాస్త వేగంగానే దిగింది. స్టీరింగు వేలెడంత తిప్పితే కారు అంతే తిరిగింది, వెంట్రుక ఎక్కువా లేదు, తక్కువా లేదు. వీపు వెనక ఇంజన్ గొంతెత్తి పాడింది. ఇరవై రెండేళ్లలో తన చేతులు ఇంత పని చేయగలవని ఏ బండీ తనకు చెప్పలేదు. ఇంత మంచి బండిని తీసుకెళ్లి ఆ పిరికివాడి కిలోమీటరున్నరకు కట్టేశారే అని ఒళ్లు మండింది.

"ఇప్పుడెలా అనిపించిందమ్మా?" అన్నాడు పత్రికాయన, సీటు పట్టుకున్న చెయ్యి వదలకుండానే.

"ఫరవాలేదు," అంది ఆవిడ. ఆ ఒక్కటే అబద్ధం.

మూడు వారాలకు పత్రిక వచ్చింది. దొరబాబు చిరుతపులీ వీణా ధ్యానమూ కలిపి ఆరు లైన్లకు కుదించారు. మిగతా పేజీ నిండా 'డ్రైవరు మాట' అని ఆవిడ అన్నదంతా అక్షరం పొల్లుపోకుండా వేశారు. పెద్ద ఫోటోలో మలుపు తిరుగుతున్న కారు, అద్దం వెనక పెదవి బిగించిన ఆవిడ ముఖం. చిన్న ఫోటోలో వ్యాను పక్కన కట్టుకట్టిన చేతితో దొరబాబు. యజమాని పుట్టినప్పటి నుంచీ ఆ కుటుంబాన్ని అంటిపెట్టుకుని ఉన్న విశ్వాసపాత్రురాలని కూడా రాశారు.

తన పేజీ కదా అని ఆ పత్రిక పది కాపీలు కొని, ముందు చదవకుండానే, ఆసుపత్రిలో జనం కూర్చునేచోట పెట్టించింది దొరబాబే. పళ్లకు తీగలు కట్టించడానికి మనవరాలిని తీసుకొచ్చిన ఒక ముసలావిడ ఫోటో చూసి, ఈమె ఏడో నంబరు బస్సు నడిపే ఆమె కదా, డాక్టరు గారి డ్రైవరు ఎప్పుడైందని అడిగింది. కౌంటరు దగ్గర కూర్చునే అమ్మాయికి మంచీచెడూ తెలియదు. ఆమె డాక్టరు గారికి సొంత అక్కగారండీ అని గదంతా వినపడేలా చెప్పింది. కుర్చీలో నోరు తెరిచి ఉన్నవాళ్లు తప్ప అందరూ నవ్వారట. ఈ సంగతి మరదలు ఫోన్‌లో చెప్పింది, చెబుతూ మధ్యలో రెండుసార్లు దగ్గినట్టు ఆగింది.

ఆ సాయంత్రమే దొరబాబు వచ్చాడు. గుమ్మంలోనే మొదలుపెట్టాడు.

"పరువు తీశావక్కా."

"బండి సంగతి అడిగితే బండి సంగతి చెప్పాను. యజమాని సంగతి చెప్పి ఉంటే వాళ్లకు ఇంకో పేజీ పట్టేది."

"నువ్వు మా అక్కవని ఆ పత్రికవాడితో ఒక్క మాట అనొచ్చుగా? ఇంత జరిగేది కాదు."

"నువ్వు కాదన్నాక నేను అవునని ఎలా అంటానురా?"

దొరబాబు కుర్చీలో కూర్చుని, ఏదో కంగారులో అలా నోట్లోంచి వచ్చేసిందన్నాడు. ఊళ్లో అందరి నోళ్లూ సరిచేస్తావు, నీ నోటికి తీగ ఎవరు కట్టాలి అంది ఆవిడ. వాడు తల వంచుకున్నాడు. ఆ వంచుకోవడం కూడా సగం బాధ, సగం చొక్కా నలగకుండా చూసుకోవడం. క్షమించమని అడుగుతాడేమోనని ఆవిడ కాసేపు ఆగింది. అడగలేదు. కారు అమ్మేస్తానన్నాడు.

"అమ్మెయ్. నడపడం వచ్చినవాడెవడికైనా అమ్ము."

"నీకేం నచ్చలేదు కదా ఆ బండి?"

"చెత్త బండి," అంది ఆవిడ, వాడి కళ్లలోకి చూడకుండా.

వాడు టీ అడిగాడు. పాలు లేవని చెప్పి, ఆవిడ లేచి కిటికీ తలుపులు వేసుకుంది. పాలు ఉన్నాయి.

మర్నాడు పొద్దున ఏడో నంబరు బస్సు డిపోలోంచి బయటికి తీసింది. వయసు మళ్లిన బండి. స్టీరింగు ఒకటిన్నర చుట్టు తిప్పితే గానీ మలుపు తిరగడం మొదలుపెట్టదు. ఇన్నేళ్లూ అది దాని గుణం అనుకుందే గానీ ఎన్నడూ విసుక్కోలేదు. ఆ రోజు కూరగాయల మార్కెట్టు దగ్గర విసుగొచ్చింది. విసుగులో మలుపు కాస్త వేగంగా తీసింది. నిలబడ్డవాళ్లంతా ఒక పక్కకు ఒరిగారు. ఒక ముసలాయన కమ్మీ పట్టుకుని నిలదొక్కుకుని, ఇదేమన్నా పందెం అనుకున్నావా, లోపల మనుషులున్నారని గుర్తుందా అని గట్టిగా తిట్టాడు.

తమ్ముణ్ణి తిట్టినన్నాళ్లూ తిట్టి, ఇప్పుడు తను చేసిందేమిటో ఆవిడకు తెలిసింది. చెవులు వేడెక్కాయి.

బస్సు పక్కకు ఆపి, "తప్పు నాదేనండి, కూర్చోండి," అంది. ఎవరో లేచి ఇచ్చిన సీట్లో ముసలాయన సర్దుకుని కూర్చునేదాకా ఆగి, బస్సును మొదటి గేరులో మెల్లగా కదిలించింది.