పదికి ఎంత

టక్ టక్ టక్ టక్...

రేకు మీద తొలి చినుకులు. మబ్బు ఇంకా మనసు విప్పక ముందు, నమూనాకి నాలుగు రాల్చి చూస్తుందే, అలా.

నాలుగు సెకన్లు కురుస్తుంది. ఆగుతుంది. అరనిమిషం తెరిపి. మళ్లీ కురుస్తుంది.

ఎడమ కణతకి పైన, నుదుటి అంచున ఆనించిన అయస్కాంతానిదే ఆ చప్పుడు. వెనక్కి వాలిన కుర్చీ. చెవుల్లో దూది. అయినా వినపడుతుంది.

ఇనుప కొట్టు షావుకారు కళ్లు మూసుకుని ఆ వానని వింటాడు. ముప్పై అయిదేళ్లు రేకులు అమ్మిన చెవి అది. పలచటి రేకు అరుస్తుంది, మందపాటి రేకు గొణుగుతుంది. చినుకు చప్పుడు విని మందం చెప్పేసేవాడు.

తన తల ఏ మందమో మాత్రం అంతు చిక్కడం లేదు.

వాన పడుతోంది... లోపలికి దిగడం లేదు.

చెయ్యి వణకడం మొదలైనప్పుడు కూడా ఇంత కుంగలేదు. పార్కిన్సన్స్ అన్నారు. సరే అన్నాడు. గుప్పెడు మేకులు తీస్తే అరకిలో, తక్కెడ కూడా సిగ్గుపడే చెయ్యి. అదే చెయ్యి ఇప్పుడు గుప్పెడు తీస్తే సగం నేలపాలు. తాడుకి అయస్కాంతం కట్టి నేలంతా తిప్పేవాడు. మేకులు బుద్ధిగా లేచి వచ్చేవి. మాత్ర వేసుకుంటే చెయ్యి కాస్త మాట వినేది. సర్దుకున్నాడు. పాత సరుకుతో కూడా కొట్టు నడపొచ్చు.

ఆ తర్వాత వచ్చింది రెండోది. చప్పుడు లేకుండా. తుప్పులాగ.

ముందు అన్నం రుచి తిన్నది. తర్వాత మనవరాలి నవ్వు తిన్నది. పొద్దున్నే కొట్టు షట్టరు ఎత్తుతుంటే గరగరమని ఒక చప్పుడు... అది వింటేనే ఒంట్లోకి ప్రాణం వచ్చేది. దాన్నీ తిన్నది.

మెలకువ రాగానే మొదటి ఆలోచన — ఎందుకు వచ్చింది?

రాకపోతే బాగుండును.

ఈ మాట భార్యకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. చాటున దాచిన సరుకు.

"ఈ దిగులు కూడా ఆ జబ్బులో భాగమేనండీ, మీ చేతకానితనం కాదు," అన్నాడు డాక్టరు. రెండు రకాల మందులు మార్చాడు. కుదరలేదు. అప్పుడు అయస్కాంతం మాట తెచ్చాడు, తలకి ఆనించి తట్టి దిగులు తగ్గించే వైద్యం. వారానికి అయిదు రోజులు, ఆరు వారాలు.

"నా తలలో మేకులున్నాయా, ఏరడానికి?"

డాక్టరు నవ్వాడు. భార్య నవ్వలేదు.

"కిలోల లెక్కన ఉన్నాయి. ఏరండి బాబూ," అంది.

మొదటి రోజు దెబ్బ ఎంత బలంగా ఉండాలో తేల్చాలన్నారు. తల మీద ఒకచోట తట్టితే కుడి బొటనవేలు ఎగరాలట. ఎగిరేదాన్ని బట్టి లెక్క.

"చెయ్యి కదపకుండా పెట్టండి," అంది మిషన్ నడిపే ఆవిడ.

"అది నా చేతిలో లేదమ్మా."

గంటసేపు చూశారు. ఏ ఎగురు జబ్బుదో, ఏ ఎగురు అయస్కాంతానిదో... చివరికి తేల్చారు. బొటనవేలు నిజం చెప్పింది.

మిగిలినదంతా అతనే చెప్పాలి.

"దిగులు పదికి ఎంత? సున్నా అంటే అసలు లేదు. పది అంటే ఇక మోయలేను."

పది.

లోపల ఉన్నది పది. నోటికి వచ్చింది, "ఆరు".

కొట్టు గద్దె మీద కూర్చోబెట్టిన రోజే తండ్రి చెప్పాడు — "ఒరే, అవసరం మొహం మీద కనపడనివ్వకు. కనపడిందా, బేరం ఎదుటివాడిదే." కనపడనివ్వలేదు. బజారంతా అతన్ని 'రాయి' అని పిలిచేది. రాయిగారితో బేరం కన్నా గోడకి మొర పెట్టుకోవడం నయం అనేవారు. వింటే గర్వంగా ఉండేది.

ఆ మొహాన్ని జబ్బు అలాగే పట్టేసింది. కండరాలు బిగుసుకున్నాయి. నవ్వుదామన్నా పెదవి లేవదు. ఏడుద్దామన్నా నుదురు కదలదు. ఇన్నేళ్లూ లోపలి నుంచి తాను వేసుకున్న తలుపు... ఇప్పుడు బయట గొళ్లెం పడింది.

టక్ టక్ టక్... వాన. తెరిపి. వాన.

రెండో వారం అడిగారు. "అయిదు" అన్నాడు.

కొనేవాడు సరుకు బాగుందంటేనే అమ్మేవాడు లోపలి నుంచి ఇంకా మంచిది తీస్తాడు. బాగోలేదంటే మూట కట్టేస్తాడు. పైగా తన చేతులతో తాను ఎన్ని చూడలేదు — ఎంత రుద్దినా తుప్పు వదలని గొలుసు పాత ఇనుము కుప్పలోకి పోతుంది. 'ఈయనకి పని చెయ్యడం లేదు' అని డాక్టరు అంటే? కుప్పలోకే.

మూడో వారం, "మూడు".

కాగితం మీద ప్రశ్నలు ఇచ్చారు. నిద్ర, ఆకలి, ఆశ. అన్నింటికీ అదే బేరం. చీమల బారులా చిన్నదైపోయిన చేతిరాతతో — బాగుంది. బాగుంది. పరవాలేదు.

పదిహేనో రోజు డాక్టరు భార్యాభర్తలిద్దర్నీ పక్క గదిలోకి పిలిచాడు. డాక్టరు మొహం వెలిగిపోతోంది.

"మూడుకి దిగారు! ఇక చాలండీ. ఉన్నది ఒకటే కుర్చీ. బయట ఎంతమందో..."

చాలు.

అవును, చూశాడు. అదే వణుకుతో, అదే బిగుసుకున్న మొహంతో ఒక బస్సు కండక్టరమ్మ. మూడు వారాలుగా వరండా బెంచీ మీద. ఇందాకే ఆవిణ్ని లోపలికి పిలిచారు.

తన కుర్చీ.

ముప్పై అయిదేళ్లలో ఒక్క బేరం ఓడిపోలేదు. ఇదీ గెలిచాడు. గెలిచి, గొయ్యి తవ్వుకున్నాడు.

"మూడా!" భార్య లేచి నిలబడింది. "ఏం మూడండీ? మంచం దిగడానికి పదింటిదాకా బతిమాలాలి. మనవరాలు వచ్చి ఒళ్లో కూర్చుంటే గోడకేసి చూస్తారు. ఈయన మీతో బేరమాడుతున్నారు డాక్టరుగారూ!"

డాక్టరు రాయి వైపు చూశాడు.

"మీరే చెప్పండి. ఈసారి నిజంగా. పదికి ఎంత?"

జబ్బుకి గొంతు కూడా అరిగిపోయింది. నోరు తెరిస్తే గాలే వస్తుంది. ఊపిరి కూడగట్టుకున్నాడు. అవసరం... అవసరం కనపడాలి. ఎలా కనపరుస్తారు దాన్ని? ఎవరూ నేర్పలేదే.

"తొమ్మిది," అన్నాడు.

డాక్టరు కలం ఆగింది.

భార్య వంగి అతని మొహంలోకి చూసింది. ఆవిడ కళ్లు నిండిపోయాయి.

"ఆ ఒక్కటీ ఎక్కడ దాచారండీ?"

దాచింది ఆమెకే చెప్పాలి. రోజూ పొద్దున్నే మెలకువతో పాటు వచ్చే ఆ ఒక్క మాట. ఆమె ఎదురుగా చెప్పాలి.

గోడ అవతల వాన మొదలైంది. ఇంకొకరి తల మీద.

టక్ టక్ టక్ టక్...

నాలుగు సెకన్లు.

ఆగింది.

అరనిమిషం తెరిపి.

అతను నోరు తెరిచాడు...