కనబడని పని

రఫూ తాత సూదిలోకి దారం ఎక్కిస్తుండగా డ్రైక్లీనింగ్ షాపు యజమాని వచ్చి ఒక చీటీ బల్లమీద పెట్టాడు. నిన్న కోటు తీసుకెళ్లిన లాయరమ్మ రసీదు వెనక ఇంగ్లీషులో ఒకే మాట రాసి పంపిందట. 'మాగ్నిఫిసెంట్' అని చదివి, నవ్వుతూ వెళ్లిపోయాడు. ఆ నవ్వు తాతకు నచ్చలేదు.

ముప్పై ఎనిమిదేళ్లుగా అదే కిటికీ, అదే ముక్కాలి పీట. చూపుడువేలు కొన కాయ కాచింది, మెడ ఎడమకు ఒరిగిపోయింది. బట్ట లోపలి మడతలోంచే పోగులు లాగి చిరుగు మీద నిలువుగా, అడ్డంగా అల్లుతాడు. పని కుదిరితే ఎవరికీ కనబడదు, కనబడితే తిట్లు తప్పవు. ఎవరూ ఏమీ అనకపోవడమే మెప్పు అనుకుని బతికేశాడు.

మధ్యాహ్నం క్యారేజీ తెచ్చిన కోడలిని ఆ మాటకు అర్థం అడిగాడు. ఆమె బడిలో ఇంగ్లీషు చెబుతుంది.

"మామూలు గొప్ప కాదు మామయ్యా. కోటల్నీ కొండల్నీ చూసి అంటారు, కళ్లు చెదిరేలా ఉన్నాయని."

"చిన్న వస్తువుని అనరా?"

"అనొచ్చు. కానీ చూడగానే కంటికి ఆనాలి."

ఇక అన్నం సహించలేదు. కంటికి ఆనిందంటే రఫూ కనబడిపోయిందన్నమాట. లాయరమ్మ ఎత్తిపొడిచింది, వాదించి బతికే మనిషి, తిట్టినా పొగిడినట్టే తిడుతుంది. రంగు తేడా పడిందా? వెలుతురుకు అడ్డంగా లేచిన ఎదుటి మేడను అనుమానించాడు, కళ్లద్దాలను అనుమానించాడు, పొద్దుటి నుంచి లాగుతున్న ఎడమచేతిని కూడా వదల్లేదు. యజమాని అప్పుడే వేరే మనిషిని వెతుకుతున్నాడేమో.

సాయంత్రం లాయరమ్మే వచ్చింది, చేతిమీద అదే నల్లకోటు. తాత సూది బల్లమీద పెట్టేశాడు.

"ఎక్కడ కనబడిందమ్మా?"

"అదే అడుగుదామని వచ్చాను తాతగారూ. నిన్నటి నుంచి వెతుకుతున్నా, చిరుగు ఎక్కడుందో దొరకలేదు. మీరే చూపించండి."

తాత నమ్మలేదు. కోటు ఒళ్లోకి లాక్కుని తడిమాడు, వెలుతురుకు పట్టాడు, తిరగేశాడు. ఆయనకీ దొరకలేదు. అప్పుడు పట్టలేనంత సంతోషం వేసింది.

"కూర్చోండమ్మా, వెతికి పెడతా," అన్నాడు నవ్వుతూ.

ఆమె ముందుగదిలోకి వెళ్లి యజమానితో కాసేపు మాట్లాడి వచ్చింది. తాత కిటికీకి తల ఆనించి ఉన్నాడు. పిలిచినా పలకలేదు. యజమాని వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, తాత కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు.

కోటు మోచేతి దగ్గర గుర్తుగా తెల్లదారం ఎక్కించిన సూది గుచ్చి ఉంది. దాని చుట్టూ లాయరమ్మ ఎంత చూసినా నల్లటి బట్టే కనబడింది.