ఏడు ఒకట్లు

లెక్కల మాస్టారు జయరావు గారి రిటైర్మెంటు సభ రేపనగా కోటేశ్వరి బడికొచ్చింది. అంగన్‌వాడీలో ఆయా పోస్టుకి స్టడీ సర్టిఫికెట్ కావాలట. తొమ్మిదిలో చదువు మానేసిన పిల్ల. ఎనిమిదేళ్ళయినా మాస్టారు ఇట్టే గుర్తుపట్టారు.

ఆమె మాత్రం గోడ వంక చూస్తోంది. నల్లబల్ల పైన నీలం పెయింటుతో రాసి ఉంది: 11,11,111 ప్రధాన సంఖ్య. అంటే ఒకటితోనూ, తనతోనూ తప్ప ఇంక దేనితో భాగించినా శేషం మిగలాల్సిందే.

ఆ గోడంటే మాస్టారికి ప్రాణం. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన చెప్పిన పాఠాలన్నీ ఎవరో కనిపెట్టినవే, ఇదొక్కటే తన సొంతమని నమ్మకం. 1999లో తొమ్మిదో తరగతిలో యాభై తొమ్మిది మంది. వెయ్యిన్నీ యాభై నాలుగు దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు, ఆపైన అక్కర్లేదు. అవి నూట డెబ్బై ఏడు. శనివారం తలా మూడు చొప్పున చీటీలు రాసిచ్చారు. సోమవారం ఒక్కొక్కరే లేచి "పోలేదు సార్" అన్నారు. ఇప్పుడు ఆ పిల్లలే పెద్దవాళ్ళయి, టౌనుకెళ్ళి బ్రాడీపేటలో ఇత్తడి పలక మీద ఆ సంఖ్య చెక్కించారు. రేపు సభలో ఇస్తారు.

"అది ప్రధాన సంఖ్య కాదు కద సార్," అంది కోటేశ్వరి.

"ఎందుక్కాదమ్మా?"

"నాకిచ్చిన మూడింట్లో ఒకదాంతో శేషం లేకుండా పోయింది. రెండొందల ముప్పై తొమ్మిది."

మాస్టారు నవ్వబోయి ఆగారు. సుద్దముక్క ఆమె చేతికిచ్చారు. ఆమె నిదానంగా భాగహారం వేసింది. 4649 వచ్చింది, శేషం సున్నా. మాస్టారు తనే రెండుసార్లు గుణించి చూసుకున్నారు.

తర్వాత బీరువాలోంచి, ఆనాడు ఎవరికేం వచ్చిందో రాసుకున్న పాత నోటుబుక్కు తీశారు. పద్దెనిమిదో నంబరు, కోటేశ్వరి. పక్కన "పోదు" అని ఆయన చేతిరాతే. మిరప కోతలప్పుడు పిల్లలు నెలల తరబడి బడికి రారు. పేరు కొట్టేస్తే మళ్ళీ చేరరని, పాపం, మాస్టార్లే హాజరు వేసేస్తుంటారు. ఆ సోమవారం కోటేశ్వరికీ వేశారు. ఇంతమందికి పోనిది ఈ పిల్లకొక్కదానికే పోతుందా అని, ఆ ఖాళీ గడి కూడా అదే చేత్తో నింపేశారు. పెయింటరు బయట కాచుక్కూర్చున్నాడు మరి.

"ఎప్పుడు చేశావమ్మా?"

"ఆ ఆదివారమే సార్. కళ్ళంలో కాయలు ఆరబోశాక."

"మరి చెప్పకపోయావా?"

"కోతలయ్యాక వచ్చి చెబుదామనుకున్నా. రావట్లేదేమని బడి నుంచి ఎవరన్నా వస్తారేమోనని చూశా సార్. ఎవరూ రాలేదు. ఇంక మా వాళ్ళు పంపలేదు."

ఎవరైనా ఎందుకొస్తారు? హాజరుపట్టీ ప్రకారం ఆ పిల్ల ఒక్కరోజు కూడా మానలేదు. మాస్టారు సర్టిఫికెట్ మీద హెడ్మాస్టరు చేత సంతకం పెట్టించి ఇచ్చి, రేపు తప్పకుండా రమ్మని మాత్రం చెప్పారు.

మర్నాడు సభలో ఇత్తడి పలక అందుకుని, దాన్ని బల్ల మీద బోర్లా పెట్టి, మాస్టారు కోటేశ్వరిని పిలిచారు. ఆమె మళ్ళీ ఆ భాగహారం చేసింది. శేషం సున్నా వచ్చింది.

"ఈ పిల్ల రాలేదని నాకు తెలుసు," అన్నారు మాస్టారు. "తెలిసే వచ్చిందని రాశాను. ఇల్లు రెండు వీధుల అవతలే. వెళ్ళి పిలుచుకు రాలేదు."

చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు.